చుక్క మేస్త్రీ గొయ్యి

కాగితం మీద ఐదు ఇళ్ళ సంతకాలు ఉండాలి. నాలుగు మొదటి వారంలోనే వచ్చాయి. ఐదోది ఈత టీచరమ్మ సొంత ఇంటిదే. ఇల్లు ఆమె మామగారి పేరు మీద ఉంది. ఆయన చేత సంతకం పెట్టించడానికి పదకొండు రోజులు పట్టింది.

వీధి ఏటవాలుగా ఉంటుంది. మొత్తం ఇరవై రెండు ఇళ్ళు. పై చివర బేకరీ, కింది చివర టీచరమ్మ ఇల్లు. ఆ తరువాత రోడ్డు, రోడ్డుకి అవతల సరస్సు. వాన పడితే ఇళ్ళ కప్పుల మీది నీళ్ళు సిమెంటు ముంగిళ్ళ మీదుగా కాలవలోకి, కాలవలోంచి రోడ్డు కింది గొట్టంలోకి, గొట్టంలోంచి సరస్సులోకి పోతాయి. గొట్టం మూతికి ముప్పై అడుగుల దూరంలో ఈత మెట్లు ఉన్నాయి. ఆ మెట్ల దగ్గర టీచరమ్మ పన్నెండేళ్ళు ఈత నేర్పింది. రెండేళ్ళ కిందట అక్కడ నీటి మీద ఆకుపచ్చ తెట్టు కట్టింది. నేర్చుకుంటున్న వాళ్ళలో ముగ్గురికి ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయి. ఆరోగ్యశాఖ వాళ్ళు వచ్చి ఈత నిషేధమని బోర్డు పాతి వెళ్ళారు. అప్పటినుంచి ఆమె మందుల షాపులో కౌంటరు దగ్గర నిలబడుతోంది. షాపు వాళ్ళు మంచివాళ్ళే. ఆ పని తనది కాదని ఆమెకి రోజూ పదింటికల్లా తెలిసిపోయేది.

తెట్టుకి కారణం పై నుంచి కొట్టుకొచ్చే మురికేనని జల సంరక్షణ కార్యాలయం వాళ్ళు తేల్చారు. వాళ్ళ దగ్గర ఒక వాటా పథకం ఉంది. ఇంటి ముందు సిమెంటు కొంత తీసేసి, పన్నెండడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, అడుగు లోతున గొయ్యి తవ్వాలి. కప్పు మీది నీటిని అందులోకి మళ్ళించాలి. వేళ్ళు లోతుకి దిగే మొక్కలు నాటాలి. వాన నీరు వీధి మురికిని మోసుకుపోకుండా ఎక్కడిది అక్కడే ఇంకిపోతుంది. ఖర్చు నాలుగు వంతులైతే మూడు కార్యాలయానివి, ఒకటి ఇంటివాళ్ళది. సొంతంగా తవ్వుకుంటే ఆ కూలి ఇంటివాళ్ళ వాటా కింద జమ. అయితే వీధికి కనీసం ఐదు ఇళ్ళు కలిసి రావాలి. ఐదు గోతులూ పరీక్షలో నెగ్గాలి. ఒక్కటి తప్పినా సాయం జాబితాలో ఉన్న తరువాతి వీధికి పోతుంది.

టీచరమ్మ మామగారు తాపీ మేస్త్రీ. వయసు డెబ్బై ఒకటి. ఆ వీధిలో ఇరవై రెండు ఇళ్ళూ ఆయన కట్టినవే. ఏ ఇల్లు అప్పగించినా, "చుక్క కారితే నా పేరు మార్చుకుంటా" అనేవాడు. కారలేదు. అయినా జనం పేరు మార్చి చుక్క మేస్త్రీ అన్నారు.

"ముంగిట్లో సిమెంటు పీకుతావా?" అన్నాడాయన, కోడలు కాగితం చూపించినప్పుడు. "అది వేసింది ఎవరో తెలుసా?"

"మీరే మావయ్యా."

"ముప్పై ఎనిమిదేళ్ళయింది. ఒక్క పగులు చూపించు."

"పగులు లేకపోవడమే గదా ఇప్పుడు చిక్కు."

"ఇల్లు కట్టినవాణ్ణి పిలిచి ఇల్లు గట్టిగా ఉంది, అదే తప్పు అనే కోడల్ని నిన్నే చూశాను" అని ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

పదకొండో రోజు పొద్దున బేకరీ ఆయన సైకిల్ ఆపి గేటు మీద చెయ్యి వేశాడు. తన గొయ్యి అప్పటికే తవ్వేశాడు. మూలలు మూడు వంకర, నాలుగోది అసలు లేదు.

"బాబాయ్ చేత ఎందుకు చేయిస్తావమ్మా ఆ కష్టం?" అన్నాడు టీచరమ్మతో, లోపలికి వినపడేలా. "ఆయన వయసైపోయింది. ఇద్దరు కుర్రాళ్ళని మాట్లాడుకో. నా గొయ్యి చూసి అలాగే తవ్వమను."

మేస్త్రీ బయటికి వచ్చాడు. "నీ గొయ్యి నిన్న చూశాను. పందికొక్కు తవ్వినా అంతకంటే నయంగా ఉంటుంది. ఏదీ ఆ కాగితం ఇలా తే."

సంతకం అయిపోయింది.

మర్నాడు షాపుకి బయల్దేరుతూ టీచరమ్మ కొలతలు చెప్పింది. కార్యాలయం వాళ్ళిచ్చిన పత్రం బల్ల మీద పెట్టింది. "ఇందులో అంతా రాసుంది మావయ్యా. తవ్వడం అయ్యాక ఆఫీసు నుంచి ఒకమ్మాయి వస్తుంది. నీళ్ళు నింపి, మర్నాడు వచ్చి చూసుకుంటుంది."

"నీళ్ళ పరీక్ష నాకు కొత్తా?" అన్నాడు మేస్త్రీ. పత్రం చదవలేదు.

పని మూడు రోజులు పట్టింది. సాయంత్రాలు ఆమె తిరిగొచ్చేసరికి పని ఆగిపోయి, గోతి మీద టార్పాలిన్ కప్పి ఉండేది. పూర్తయ్యేదాకా తన పనిని ఎవరూ చూడకూడదన్నది ఆయన నియమం. మూడో రోజు టార్పాలిన్ తీశాడు. నాలుగు మూలలూ మూలమట్టం పెట్టి గీసినట్టున్నాయి. అడుగు నేల అద్దంలా ఉంది. వాళ్ళింటి ముంగిలి దాటి వెళ్ళేవాళ్ళు ఆగి చూశారు. టైలర్ అత్త, అంటే నాలుగో ఇంట్లో బట్టలు కుట్టే ఆవిడ, "అన్నయ్యా, ఇందులో పక్క వేసుకుని పడుకోవచ్చు" అంది. మేస్త్రీ ఆ మాటని మెచ్చుకోలుగానే తీసుకున్నాడు.

కార్యాలయం నుంచి వచ్చిన పరిశీలకురాలికి పాతికేళ్ళుంటాయి. చేతిలో ఎప్పుడూ ఇనుప స్కేలు ఉండేది కాబట్టి వీధి ఆమెకి స్కేలమ్మాయి అని పేరు పెట్టింది. పై నుంచి మొదలుపెట్టి ఒక్కో గొయ్యి నింపించుకుంటూ వచ్చింది. అన్నిటికీ ఒకటే లెక్క. ఆరు అంగుళాల ఎత్తు నీళ్ళు, ఇరవై నాలుగు గంటలు. టీచరమ్మ ఇంటి దగ్గర పైపు పెట్టి నింపడానికి గంటా పది నిమిషాలు పట్టింది. ఆమె స్కేలు పెట్టి అంకె రాసుకునేలోపు మేస్త్రీ గోతి పక్క గోడ మీద నీటి మట్టం దగ్గర సుద్దతో గీత కూడా గీశాడు.

"మీరెందుకు తాతగారూ శ్రమ పడటం?" అంది స్కేలమ్మాయి.

"అలవాటు. ట్యాంకు కడితే ఇంతే. నింపుతాం, గీత పెడతాం, రేపు చూస్తాం."

ఆమె ఏదో అనబోయి, ఫోను మోగడంతో వెళ్ళిపోయింది.

మర్నాడు పదింటికి వీధిలో సగం మంది అక్కడున్నారు. మిగతా నాలుగు గోతులూ అప్పటికే నెగ్గాయి. బేకరీ ఆయనది ఆరు గంటల్లోనే ఇంకిపోయిందట. ఆ సంగతి ఆయన బన్నులు కొన్న ప్రతివాళ్ళకీ చెప్పాడు. స్కేలమ్మాయి వంగి చూసింది. నీళ్ళు గీత దగ్గరే ఉన్నాయి. రెండు పిట్టలు స్నానం చేస్తున్నాయి.

మేస్త్రీ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "పావు అంగుళం తగ్గింది. అది ఎండ తీసుకున్న వాటా. గోతిలోంచి ఒక్క చుక్క పోలేదు. రాసుకోమ్మా."

స్కేలమ్మాయి టీచరమ్మ వంక చూసింది. టీచరమ్మ మామగారి వంక చూసింది.

"మావయ్యా, అడుగున ఏం చేశారు?"

"చేయాల్సిందే చేశాను. నీళ్ళు చల్లి దిమ్మిస కొట్టి గట్టిపరిచాను, మూడు దఫాలు. రసమట్టం పెట్టి వాలు లేకుండా చూశాను. బంకమన్ను తెచ్చి తాపీతో మెత్తాను. ఇప్పుడు ఇందులో చేపలు పెంచుకో, పదేళ్ళకి నన్నడుగు."

బేకరీ ఆయన నవ్వు ఆపుకోలేక గేటు పట్టుకున్నాడు. "బాబాయ్! నీళ్ళు పోవాలి! నిలవకూడదు!"

"పోయేదానికి గొయ్యి ఎందుకు?"

"అదే పరీక్ష తాతగారూ" అంది స్కేలమ్మాయి. "ఇంకిపోతేనే పాస్."

మేస్త్రీ నీళ్ళ వంక చూశాడు. నలభై అయిదేళ్ళ పనిలో ఆయన నీళ్ళ పరీక్ష ఎన్నిసార్లు చేశాడో లెక్క లేదు. గీత దగ్గర నీళ్ళుంటే నెగ్గినట్టు. ఇంకో పద్ధతి ఉంటుందని ఎవరూ ఆయనకి చెప్పలేదు, పత్రం తప్ప. నవ్వు బేకరీ ఆయన నుంచి టైలర్ అత్తకి, ఆవిడ నుంచి గేటు బయటికి పాకింది. మేస్త్రీ లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

స్కేలమ్మాయి పుస్తకంలో రాసుకుని, టీచరమ్మని పక్కకి పిలిచింది. "అక్కా, ఇంకొక్క అవకాశం ఉంది. పది రోజులు. అప్పటికీ కాకపోతే నా చేతుల్లో లేదు. మీ తరువాత పదహారు వీధులు కాచుకుని ఉన్నాయి."

మేస్త్రీ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. గొయ్యిని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. "నా చేత్తో చేసింది నేను పగలగొట్టను. మీరు పగలగొడితే నేను చూడను" అన్నది ఆ రెండు రోజుల్లో ఆయన చెప్పిన ఒకే మాట. అది కూడా గోడతో చెప్పాడు.

మూడో రోజు మధ్యాహ్నం వాన పడింది. టీచరమ్మ షాపులో గంట సెలవు అడిగి ఇంటికి వచ్చి, గొడుగు తీసింది.

"మావయ్యా, ఒకసారి రోడ్డు దాకా రండి."

"వానలోనా?"

"వానలోనే."

ఇద్దరూ ఒకే గొడుగు కింద రోడ్డు దాటారు. గొట్టం మూతి లోంచి నీళ్ళు బూడిద రంగులో దూకుతున్నాయి. వాటిలో కుళ్ళిన ఆకులు, బండ్ల నూనె, సబ్బు నురుగు, ఎవరిదో చెప్పు. అవి సరస్సులో పడి, తిరిగి తిరిగి ఈత మెట్ల దగ్గరికి చేరుతున్నాయి. మేస్త్రీ చాలాసేపు చూశాడు. తరువాత తల తిప్పి వీధి వంక చూశాడు.

"పదడుగులకి అంగుళం వాలు" అన్నాడు. "ప్రతి ముంగిట్లోనూ అదే పెట్టాను. ఎక్కడా నీళ్ళు నిలవకూడదని."

"నిలవలేదు మావయ్యా. ఒక్క ఇంట్లో కూడా. అన్నీ ఇక్కడికే వచ్చాయి."

"మరి నువ్వెప్పుడూ ఈ సంగతి చెప్పలేదేం?"

"పదకొండు రోజులు చెప్పాను."

ఆయన గొడుగు ఆమె వైపుకి జరిపాడు. తిరిగి వచ్చేదాకా ఆయన కుడి భుజం తడిసింది.

మర్నాడు పొద్దున పలుగు పట్టుకుని గోతిలో దిగినవాడు మేస్త్రీయే. బంకమన్ను చెక్కేశాడు. దిమ్మిస కొట్టిన నేలని అడుగు లోతుదాకా తవ్వి గుల్ల చేశాడు. సాయంత్రం టీచరమ్మ ఒక బకెట్ నీళ్ళు పోసి చూసింది. నీళ్ళు గుల్ల మట్టిలోకి దిగాయి. మట్టి నిండాక ఆగిపోయాయి. అరగంట చూశారు. కదల్లేదు.

మేస్త్రీ మెట్టు మీద కూర్చున్నాడు. "అమ్మాయ్, నీకొక మాట చెప్పాలి. కింద గచ్చు ఉంది."

"ఏం గచ్చు?"

"ఈ వీధి మొత్తానికి కాంక్రీటు కలిపింది ఇక్కడే. కలపడానికి ఒక గచ్చు వేసుకున్నాం. ఇరవై ఒక్క ఇళ్ళూ కట్టాక చివరికి ఈ స్థలం నేనే కొనుక్కున్నా. గచ్చు పీకడానికి బద్ధకించి పైన మట్టి పోశాను."

"ఎంత మందం?"

"ముందు నాలుగు అంగుళాలే. తరువాత రోజూ మిగిలిన కాంక్రీటు మాలు దాని మీదే పారబోసేవాళ్ళం. రెండేళ్ళు." ఆయన వేళ్ళతో గాలిలో కొలిచి, ఆ కొలతని ఇంకొంచెం పెంచాడు.

"ముందే చెప్పొచ్చు కదా మావయ్యా!"

"అందరూ గొయ్యి బాగుందంటుంటే మధ్యలో ఆ పాడు సంగతి ఎందుకని."

కోపం రావలసిన చోట టీచరమ్మకి నవ్వు వచ్చింది. ఆయన కాసేపు బిగుసుకుని, తరువాత తనూ నవ్వాడు. ఇద్దరి మధ్య బిగువు అక్కడ పోయింది గానీ గచ్చు పోలేదు. గడువుకి ఐదు రోజులుంది. రాయి పగలగొట్టే యంత్రం గేటులో పట్టదని కొలిచి తేల్చుకున్నారు. గేటు కూడా మేస్త్రీ పెట్టిందే. గోడతో కలిపి కాంక్రీటులో బిగించాడు.

ఆమె మిగతా నాలుగు ఇళ్ళకీ వెళ్ళింది. ఈ గొయ్యి తప్పితే మీ గోతులకీ సాయం రాదు అని చెప్పనక్కర లేకపోయింది. అది అందరికీ తెలుసు. అయినా బేకరీ ఆయన అడిగింది ఆ సంగతి కాదు. "బాబాయ్ కాంక్రీటుని పగలగొట్టనిస్తున్నాడా? నిజంగా? ఈ అవకాశం మళ్ళీ రాదు" అని, పిండి చేతులు కడుక్కోకుండానే గునపం తీసుకుని బయల్దేరాడు.

మొదటి దెబ్బకి గునపం ఎగిరి ఆయన చేతుల్లోంచి జారిపోయింది. గచ్చు మీద గీత కూడా పడలేదు.

"బాబాయ్! ఏం కలిపావు ఇందులో?"

"ఒకటి సిమెంటు, రెండు ఇసుక, నాలుగు కంకర. లెక్క తప్పలేదు."

"కాస్త కల్తీ చేసి ఉండకూడదా?"

"కల్తీ చెయ్యలేదని ఎవరైనా తిట్టగా వినడం ఇదే మొదటిసారి" అన్నాడు మేస్త్రీ. ఆయన ముఖంలో ఆ వారంలో మొదటిసారి వెలుగు కనపడింది.

ఆ మర్నాడు తొమ్మిది మంది వచ్చారు. టీచరమ్మ భర్త దూరపు బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి ఇంటికి వచ్చి, యూనిఫారంలోనే సమ్మెట అందుకున్నాడు. "నాన్నా, ఎక్కడ కొట్టాలి?" అన్నాడు. అందరికీ చెప్పవలసింది మేస్త్రీయే. ఏ రోజు మాలు ఏ రోజు దాని మీద పడిందో ఆయనకి తెలుసు. అతుకులు ఎక్కడుంటాయో సుద్దతో గీసి చూపించాడు. గీతల మీద కొడితే పలకలుగా లేచింది. పక్కన కొడితే మోచెయ్యి జివ్వుమంది. దెబ్బ తప్పినవాళ్ళు మేస్త్రీని తిట్టారు. ఆయన ప్రతి తిట్టుకీ తల ఊపాడు. గచ్చు ఒక చోట పదకొండు అంగుళాలుంది. టైలర్ అత్త టేపు తెచ్చి కొలిచి, గట్టిగా చదివింది. కుట్టు టేపుతో కాంక్రీటు కొలవడం ఆవిడకి కూడా కొత్తే.

రెండు రోజుల్లో అరవై ఒక్క తట్టల ముక్కలు బయటికి వచ్చాయి. బేకరీ ఆయన ఒకటి ఏరుకుని తలుపుకి అడ్డం పెట్టుకోవడానికి పట్టుకుపోయాడు. గచ్చు కింద పసుపుపచ్చ ఇసుకనేల కనపడింది. టీచరమ్మ బకెట్ నీళ్ళు పోసింది. బకెట్ కింద పెట్టేలోపు నీళ్ళు లేవు.

"ఇంకోటి పొయ్" అన్నాడు మేస్త్రీ.

అదీ పోయింది.

"ఇంకోటి."

నాలుగో బకెట్‌కి గోతి చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఎవరికి కొడుతున్నారో వాళ్ళకే తెలియదు. మేస్త్రీ గోతిలో మోకాళ్ళ మీద కూర్చుని, అరచెయ్యి ఇసుక మీద పెట్టి, నీళ్ళు ఎటు పోతున్నాయో చూస్తున్నాడు.

పదో రోజు పదింటికి స్కేలమ్మాయి గొయ్యి నింపించింది. ఆరు అంగుళాలు రాసుకుని వెళ్ళింది. పన్నెండింటికి మూడున్నర. రెండింటికి ఒకటి. నాలుగున్నరకి అడుగున తడి ఇసుక తప్ప ఏమీ లేదు. టీచరమ్మ ఫోను చేస్తే స్కేలమ్మాయి అయిదింటికి వచ్చి చూసింది.

"అయితే రాసెయ్యొచ్చుగా?" అన్నాడు మేస్త్రీ.

"ఇరవై నాలుగు గంటలు తాతగారూ. రూలు. రేపు పదింటికి వస్తాను."

"ఎండిన గోతిని రేపు మళ్ళీ ఏం చూస్తావు?"

"ఎండిందని చూస్తాను."

చూసింది. పుస్తకంలో 'పూర్తిగా ఇంకినది' అని రాసి చదివింది. మేస్త్రీ వినపడలేదన్నాడు. ఆమె మళ్ళీ చదివింది. వినపడకపోవడం అబద్ధమని గేటు దగ్గరున్న వాళ్ళందరికీ తెలుసు.

ఆ నెలలో ఐదు గోతుల్లోనూ మొక్కలు నాటారు. తరువాతి నెలలో ఇంకో తొమ్మిది ఇళ్ళు కాగితాలు పెట్టాయి. మేస్త్రీ ఇంటింటికీ వెళ్ళి తను వేసిన ముంగిళ్ళలో ఎక్కడ కోస్తే తేలిగ్గా లేస్తుందో సుద్దతో గీసి ఇచ్చాడు. గోతుల అడుగు గట్టిగా తొక్కిన వాళ్ళని కేకలేశాడు. వానలు మొదలైన రోజున వీధి వాళ్ళు గొడుగులేసుకుని గొట్టం మూతి దగ్గర గుంపుగా నిలబడ్డారు. ముప్పావు గంట వాన పడింది. మూతి లోంచి సన్నటి ధార వచ్చింది, అదీ గోతులు తవ్వని ఇళ్ళ నీళ్ళూ, రోడ్డు మీది నీళ్ళూ. ఏమీ రాకపోవడాన్ని చూడటానికి ఇంతమంది రావడం స్కేలమ్మాయి ఉద్యోగంలో అదే మొదటిసారి. ఆమె సీసాలో నీళ్ళు పట్టుకుని వెళ్ళింది. వారం వారం వచ్చి పట్టుకెళ్ళేది.

తెట్టు ఆ సంవత్సరం రాలేదు. మీ వీధి ఒక్కదాని వల్లే అని మేం చెప్పలేం, పై వీధులు రెండు కూడా చేశాయి అని కార్యాలయం వాళ్ళు రాశారు. టీచరమ్మకి ఆ తేడాతో పని లేకపోయింది. మరుసటి వేసవి రెండో వారంలో ఆరోగ్యశాఖ వాళ్ళు వచ్చి బోర్డు పీకి బండిలో వేసుకున్నారు. ఆమె ఆ మధ్యాహ్నమే మందుల షాపులో పని మానేస్తున్నానని చెప్పేసింది. మొదటి రోజు క్లాసుకి పదకొండు మంది వచ్చారు. పది మంది ఈతకి పేర్లిచ్చినవాళ్ళు. పదకొండో ఆయన, తన కొడుకు నిక్కరు వేసుకుని, మెట్ల కమ్మీ పట్టుకుని, నడుం లోతు నీళ్ళలో నిలబడ్డాడు.

"మావయ్యా, మీరెందుకు దిగారు?"

"నలభై అయిదేళ్ళు నీళ్ళని ఆపుతూ బతికాను. అవి ఎలా ఉంటాయో లోపల్నించి చూడాలిగా."

"అయితే కమ్మీ వదలండి."

"వదిలితే మునుగుతాను."

"మునగరు. నా చెయ్యి మీ నడుం కింద ఉంది. ఊపిరి నిండా తీసుకోండి. తల వెనక్కి. ఇంకా వెనక్కి. మెడ బిగించకండి."

"బిగించడం లేదు."

"బిగిస్తున్నారు. కాంక్రీటులా ఉన్నారు."

మెట్ల మీద బేకరీ ఆయన కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చున్నాడు. మేస్త్రీ కమ్మీ వదిలాడు. కాళ్ళు పైకి తేలాయి, బొటనవేళ్ళు కనపడ్డాయి. టీచరమ్మ మెల్లిగా చెయ్యి కిందికి తీసింది. బేకరీ ఆయన లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మూడు దగ్గర నీళ్ళలో ఉన్న పది మందీ అందుకున్నారు. తొమ్మిది దగ్గర మేస్త్రీ నోట్లోకి నీళ్ళు పోయాయి. దగ్గుతూ లేచి నిలబడి, మీసం తుడుచుకుని, "ఎంతైంది?" అన్నాడు.

"తొమ్మిది" అంది టీచరమ్మ.

"తక్కువే" అన్నాడాయన, మళ్ళీ వెనక్కి వాలుతూ. "చెయ్యి పెట్టు."